రెండు గురకల గది

మా మనవరాలు మిడత నిద్రపోతోందంటే నేను నమ్మను. కళ్ళు మూసుకుంది, నోరు తెరిచింది, ఒక కాలు దుప్పటి బయట పారేసింది, అంతా బాగానే ఉంది, కానీ ఎనిమిదేళ్ళ పిల్లకి ఇదేమన్నా పెద్ద పనా, నేను దాని వయసులో బడి ఎగ్గొట్టడానికి నిద్ర కాదు, ఏకంగా చావే నటించాను, మా అమ్మ నమ్మింది, వీధి వీధంతా వచ్చి ఏడ్చింది, మా మాస్టారు కూడా వచ్చి నా అంత తెలివైనవాడు లేడని అందరిముందూ చెప్పాడు, ఆ మాట ఇంకోసారి విందామని కళ్ళు తెరిచాను కాబట్టి దొరికిపోయాను గానీ లేకపోతే ఈపాటికి నా మీద మట్టి కూడా పాతబడిపోయేది. అలాంటివాడి మనవరాలు ఇది. దీని కనురెప్పల కింద ఏదో కదులుతోంది. కలో, దొంగచూపో ఎవరు చెప్పాలి. నేనే చెప్పాలట. అందుకే ఈ స్టూలు వేసి కూర్చోబెట్టింది మా అమ్మాయి. ఇంట్లో వీపు ఆనించుకునే కుర్చీలు ఉండగా వెతికి వెతికి ఈ స్టూలు తెచ్చి వేయడం కూడా నాకు అనుమానంగానే ఉంది. ఆనుకుంటే కునుకు తీస్తానని దాని భయం. కన్నతండ్రి మీద ఎంత నమ్మకమో.

పొద్దున బడి నుంచి పిల్లని వెనక్కి పంపేశారు, లెక్కల క్లాసులో బల్ల మీద తల పెట్టి పడుకుందని, లేపితే తిట్టిందని. తీసుకొచ్చి పడుకోబెట్టి, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ మా అమ్మాయి అంది, “నాన్నా, ఒక్క గంట. ఊపిరి ఆగుతోందా లేదా, అదొక్కటే చూడు. నేను ఫోన్ చేస్తాను, ఉన్నది ఉన్నట్టు చెప్పు. సాయంత్రంలోగా డాక్టరమ్మకి అవునో కాదో చెప్పాలి.” ఉన్నది ఉన్నట్టు అనేటప్పుడు నా వంక ఎలా చూసిందంటే, పాలవాణ్ణి నీళ్ళు కలపకుండా పొయ్యమన్నట్టు చూసింది. తలూపాను. ఊపుతూనే లోపల జవాబు తయారు చేసి పెట్టుకున్నాను: ఏమీ లేదమ్మా, హాయిగా పడుకుంది, రాణీలా పడుకుంది. స్టూలు మీద కూర్చోకముందే సిద్ధం చేసుకున్న జవాబు. మరేం చేయమంటారు, అవునంటే దీని గొంతులో కత్తి పెడతారు. ఇంతుంటుంది దీని గొంతు, నా బొటనవేలంత, మందు బిళ్ళ మింగమంటే మూడు వీధులకి వినపడేలా గోల చేస్తుంది, ఆ గొంతులోకి కత్తీ కత్తెరా దూర్చి, అదీ దేనికి, పక్క తడపడం ఆగడానికట. పంటి నొప్పికి చెప్పులు కుట్టించుకోమన్నట్టు లేదూ.

అల్లుడు కూడా ఆ మాటే అన్నాడు కాబట్టి ఈ ఒక్క విషయంలో మామా అల్లుళ్ళం ఒక్కటయ్యాం, లేకపోతే మేమిద్దరం ఒక మాట మీద నిలబడిన రోజు నాకు గుర్తులేదు. అతను మోటార్లు బాగుచేస్తాడు, నీళ్ళ మోటార్లు, పెద్ద పెద్ద మేడల కింద చీకటి గదుల్లో దూరి, పైకి ఎక్కని నీళ్ళని ఎక్కిస్తాడు, కారే నీళ్ళని ఆపుతాడు. కూతురు కూడా అతని కంటికి అలాగే కనిపించింది. “మామయ్యా, పైన ట్యాంకులోకి నీళ్ళు వదులుతూ కింద తుడుచుకుంటూ కూర్చుంటే లాభం ఏముంది, సప్లై కట్టేయాలి,” అన్నాడు. కట్టేశాడు. బడి వదిలాక చుక్క నీళ్ళు లేవు పిల్లకి. మంచినీళ్ళ క్యాను అలమరా పైకెక్కింది. మా అమ్మాయి ఒప్పుకోకపోయినా నోరెత్తలేకపోయింది, దానికీ ఓపిక పోయింది పాపం, హోటలు లాండ్రీలో పని, పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళు పడుకుని లేచిన దుప్పట్లు ఉతికి ఆరేసి మడతపెట్టి ఇంటికొస్తే ఇక్కడ ఇంకో దుప్పటి బకెట్లో కూర్చుని ఎదురు చూస్తుంటుంది. అలా మా ఇల్లు పోలీస్ స్టేషనైపోయింది. నేనే కానిస్టేబుల్ని. పళ్ళు తోముకునేటప్పుడు పుక్కిలించి ఉమ్ముతోందా, మింగుతోందా అని బాత్‌రూమ్ తలుపుకి చెవి ఆనించి వినేవాణ్ణి. నవ్వుతాలుగానే మొదలుపెట్టాను, చెంబుల్లో నీళ్ళు ఎత్తుకుపోయే దొంగలున్నారని, వాళ్ళని పట్టుకోవాలని ఏదో కథ చెప్పి. తరవాత అది నా ముందు నుంచి నడిచేటప్పుడు అరచేతులు రెండూ తెరిచి చూపించి వెళ్ళడం మొదలుపెట్టింది, నేను అడగకుండానే. ఒకరోజు తడి తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని పీలుస్తుంటే పట్టుకున్నాను. పట్టుకుని ఎంత మురిసిపోయానో. చూశావా అల్లుడూ, ఇదిగో నీ దొంగ కుళాయి, అని. అది తువ్వాలు మడిచి దండెం మీద వేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు దాని దిండు కింద చెయ్యి పెట్టి చూశాను. సీసా లేదు. మంచం కింద చూశాను. నా పాత చెప్పులు, ఒక పెన్సిలు. బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నా కళ్ళముందే ఉంది, బడి సంచిలో నీళ్ళ సీసా కూడా అల్లుడి హుకుం మీద పొద్దున్నే ఇంట్లో ఆగిపోయింది. కాబట్టి ఇవాళ దొంగ దొరకదు, దొంగతనం లేదు కాబట్టి. అదీ చూద్దాం.

డాక్టరమ్మని కూడా నేను నమ్మలేదు. ఆవిడ బల్ల మీద ప్లాస్టిక్ తల ఒకటుంది, సగానికి కోసింది, తలుపు తీసినట్టు ముక్కు తీసి లోపల చూపిస్తుంది. సగం తల పెట్టుకుని కూర్చునేవాళ్ళని ఎలా నమ్మడం. మిడత మాత్రం ఆ ముక్కు తీసి పెట్టి, తీసి పెట్టి, విరిగిపోతుందని వాళ్ళమ్మ చెయ్యి మీద కొట్టేదాకా ఆడింది. ఆవిడ పిల్ల నోరు తెరిపించి లైటు వేసి చూసి, “రాత్రిళ్ళు గురక పెడుతుందా?” అంది. పిల్ల పక్క తడుపుతోందని మా అమ్మాయి తీసుకెళ్తే ఈవిడ గురక అడుగుతుందేమిటని నాకు అప్పుడే అనుమానం తగిలింది. గురకా, మా ఇంట్లో గురక పెట్టనివాళ్ళెవరు, అన్నాను గర్వంగా. ఆవిడ నవ్వలేదు. ముక్కు వెనకాల కండ పెరిగిందట, గొంతులో టాన్సిల్ గడ్డలు రెండూ లావెక్కి ఒకదాన్నొకటి ఆనుకుంటున్నాయట. మెలకువగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుందట, నిద్రలో గొంతు కండరాలు వదులయ్యేసరికి గాలి దారి మూసుకుపోతుందట. అప్పుడు గాలి కోసం ఛాతీ లోపలికి గుంజుతుంది, ఆ గుంజుడికి గుండె సాగుతుంది, సాగిన గుండె ఒంట్లో నీళ్ళెక్కువయ్యాయని పొరపాటు పడి, బయటికి తోసేయమని కిడ్నీలకి కబురు పెడుతుంది. అవి తోసేస్తాయి. బ్లాడరు నిండుతుంది. నిండిందన్న కబురు మెదడుకి వెళ్తుంది, కానీ ఆ మెదడు రాత్రంతా ఊపిరితో కుస్తీ పట్టి సొమ్మసిల్లి ఉంటుంది, వినిపించుకోదు. “పిల్లది తప్పు కాదండీ. బద్ధకమూ కాదు,” అంది.

నేను పడవ నడిపినన్నాళ్ళూ ఎక్కినవాళ్ళకి ఒడ్డు చేరేదాకా కోతలు కోసినవాణ్ణి, కోత ఎలా ఉండాలో నాకు తెలుసు. గొంతు మూసుకుంటే గుండె పొరపాటు పడడం, గుండె కబురు పెడితే కిడ్నీలు పరిగెత్తడం, ఈ మాత్రం కథ నేనూ అల్లగలను, ఇంకా ఊపిరితిత్తుల్ని కూడా కోపగించుకునేలా చేయగలను. కానీ అక్కడే ఆవిడ కథ చెడగొట్టింది. మా అమ్మాయి, ఆపరేషన్ చేస్తే ఆగిపోతుందా డాక్టరుగారూ అని ఆశగా అడిగితే, “చాలామందికి తగ్గుతుంది. కొందరికి తగ్గదు. అయినా ఊపిరి ఆగుతుంటే దానికోసమైనా చేయించాలి. ముందు నిద్రలో గమనించి చెప్పండి,” అంది. కొందరికి తగ్గదు అని ఏ కోతలరాయుడైనా అంటాడా. చేప ఎంత పెద్దదంటే అని మొదలుపెట్టి, బహుశా చేప కాకపోవచ్చు అన్నట్టు. బస్సులో ఇంటికొస్తూ దారి పొడవునా ఆ మాట నన్ను గిల్లుతూనే ఉంది. ఇంత చేతకాకుండా అబద్ధం ఆడతారా ఎవరైనా.

మొదలైంది గురక. ఇదిగో, వినండి, ఎంత చక్కగా ఉందో. ముందు పిల్లి పిలిచినట్టు, తరవాత రంపం ఆడినట్టు. ఇది మా తాత గురక. మా తాత పడవల రేవులో పడుకుంటే పొగమంచులో దారి తప్పిన పడవలు ఆయన గురక వినుకుంటూ ఒడ్డుకొచ్చేవి, ఒకసారి ఆయనకి జలుబు చేసి గురక గొంతు మారితే అన్ని పడవలూ పక్క ఊరికి వెళ్ళిపోయాయి. దీనికి మూడేళ్ళప్పుడు మొదటిసారి గురక విని, వీధిలోకి వెళ్ళి మరీ చెప్పాను, వచ్చింది, మా వంశం ఎక్కడికీ పోలేదు అని. వాళ్ళమ్మ కూడా నవ్వింది. అలసిపోయి గాఢంగా నిద్రపోతోంది తల్లి అంది. గురక పెట్టేవాళ్ళకి నిద్ర బాగా పడుతుందని మా ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచీ అందరికీ తెలుసు, ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. మరి ఇంత బాగా నిద్రపోయే పిల్ల కళ్ళ కింద ఆ నలుపేమిటి. ఇంత నిద్రపోయి బల్ల మీద తల వాల్చడమేమిటి. ఎదురింటావిడ నులిపురుగులంది. అల్లుడి చెల్లెలు భయమంది, మీ నాన్న చెప్పే దయ్యం కథలు మానిపించు వదినా అంది, నన్ను చూస్తూనే అంది, దాంతో దయ్యాలు కూడా బంద్ అయ్యాయి ఇంట్లో.

ఆగింది.

గురక ఆగింది. అంతేలే, పక్కకి తిరుగుతుంది కాబోలు. తిరగలేదు. దుప్పటి లాగి గౌను పైకెత్తి చూశాను, పొట్ట ఎగురుతోంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది, మెడ దగ్గర గుంట పడుతోంది, అంతా పీలుస్తున్నట్టే ఉంది, చప్పుడు మాత్రం లేదు. నోటి ముందు అరచెయ్యి పెట్టాను. ఏమీ తగల్లేదు. ఓహో, మొదలుపెట్టింది నాటకం అనుకున్నాను, వాళ్ళమ్మ చెప్పిందంతా చెవులారా విన్నది కదా, ఊపిరి ఆగితే తాత అమ్మకి చెప్తాడు, తనది బద్ధకం కాదని తేలిపోతుంది, తువ్వాలు కొస పీల్చాల్సిన పని ఉండదు. తెలివైన పిల్ల. నా దగ్గరా నీ ఆటలు, మీ తాత ఈ ఒడ్డున మునిగితే అవతలి ఒడ్డున తేలేవాడే, మధ్యలో చేపల మంచి చెడ్డలు కనుక్కుని మరీ తేలేవాడు, ఎవరెక్కువసేపు బిగబడతారో చూద్దాం, అని నేనూ ఊపిరి బిగబట్టాను. ముందు నవ్వొచ్చింది. తరవాత చెవుల్లో గుయ్యిమంది. దాని పొట్ట ఎగురుతూనే ఉంది, పెదాల రంగు మారిందేమో, కిటికీ వెలుతురు వల్లేమో, నా కళ్ళు నమ్మదగ్గవి కావు, ఇక చాలు వదులు మిడతా, గెలిచావు, వదులు అని లోపల్లోపల అంటున్నాను, నా ఛాతీ మండిపోయింది, నోరు దానంతటదే తెరుచుకుని గాలి మింగేశాను, దగ్గొచ్చింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. అది ఇంకా పీల్చలేదు. అవతలి ఒడ్డు అబద్ధం, చేపలు అబద్ధం, అయినా ఊపిరి బిగబట్టడం వచ్చినవాణ్ణి నేను, నేను ఓడిపోయాక కూడా అది నీళ్ళ కిందే ఉంది. భుజం పట్టుకోబోయాను. అప్పుడు ఒళ్ళంతా ఎగిరిపడింది, మునిగినవాళ్ళు తేలినప్పుడు వేసే కేక లాంటి చప్పుడుతో గాలి లాక్కుంది, కళ్ళు తెరవలేదు, మళ్ళీ పిల్లి, మళ్ళీ రంపం.

ఏ పిల్లా ఇంతసేపు నటించలేదు. నేను నటించలేకపోయాను.

రెండోసారి ఆగింది. మూడోసారి ఆగింది. ప్రతిసారీ చెయ్యి పెట్టి చూశాను, ప్రతిసారీ అనుమానం ఒక్కటే, ఇంత చప్పుడు, ఇంత నిశ్శబ్దం, ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరికీ ఎందుకు వినపడలేదు. ఈ గదిలోనే కదా పడుకుంటుంది. పక్క మంచం మీద నేను. అవతలి గదిలో అమ్మా నాన్నా. మా అమ్మాయి మధ్యలో లేచినప్పుడల్లా తలుపు దగ్గర నిలబడి వింటుంది, నాకు తెలుసు, పొద్దున్నే చెప్పేది కూడా, తాతా మనవరాలూ జుగల్బందీ వేశారు రాత్రంతా, గ్యాప్ లేదు అని. గ్యాప్ లేదు. దానిది ఆగినప్పుడు నాది ఉంది. అది నీళ్ళ కింద గింజుకుంటున్నంతసేపూ పైన నా రంపం ఆడుతూనే ఉంది, తలుపు దగ్గర నిలబడ్డ తల్లి ఆ రంపం విని, పిల్ల హాయిగా పడుకుందనుకుని, వెళ్ళి పడుకుంది. ఇంతసేపు నేను మెలకువగా ఉండి అది నిద్రపోవడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ వెతికిన అనుమానితుల్లో నా పేరు లేదు. సీసాని వెతికాను, తువ్వాలుని పట్టుకున్నాను, పురుగులు, దయ్యాలు, డాక్టరమ్మ సగం తల, అందర్నీ నిలబెట్టి అడిగాను.

పక్క మీద మరక కనిపించింది. ముందు అరచేతంత, చూస్తుండగా మోకాలి దాకా పాకింది. ఎప్పుడూ పొద్దున ఆరిపోయాకో, చల్లబడ్డాకో చూసేవాళ్ళం, అది జరుగుతుండగా చూడలేదు ఎవరం. ఆగకుండా వస్తోంది. బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ దీని నోట్లో నీళ్ళు పడలేదు, కాపలా కాసింది నేనే, నా అంత గట్టి సాక్షి లేడు. మరి ఈ నీళ్ళెక్కడివి. పైన సప్లై కట్టేశాం కదా. ఇంట్లో దొంగ లేడు, సీసా లేదు. మిగిలింది ఆ చేతకాని కథ ఒక్కటే, గుండె పొరపాటు పడిందని, కబురు పెట్టిందని. దాన్నీ అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడన్నా కుట్టు ఊడుతుందేమోనని. ఊడలేదు.

మిడత కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. పక్క తడిసిందని ఇంకా తనకే తెలియదు, చెయ్యి కిందికి వెళ్ళి తాకింది, ముఖం మూసుకుపోయింది. లేచి కూర్చుని అరచేతులు రెండూ తెరిచి చూపించింది.

“నేను తాగలేదు తాతా.”

“తెలుసే.”

“నిజంగా తాగలేదు.”

“చూశాను. మొత్తం చూశాను.”

ఆ మాటకి దాని కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి. నేను మొత్తం చూశానంటే దానికి మంచి శకునం కాదు మరి. వంటగదిలోకి వెళ్ళి, స్టూలెక్కి, పెద్ద గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి దాని చేతిలో పెట్టాను. తాగలేదు. గ్లాసు వంకా నా వంకా చూసింది, ఇది కూడా పరీక్షేమో, తాగితే మీసం తిప్పుతాడేమో ముసలాడు అన్నట్టు. నేను ముందు ఒక గుక్క తాగి ఇచ్చాను. అప్పుడు తాగింది. గటగటా, చుబుకం మీంచి మెడ మీదకి కారుతుంటే తుడుచుకోకుండా.

ఫోన్ మోగింది. లాండ్రీలో మెషీన్ల హోరు మధ్య మా అమ్మాయి గొంతు. “ఏమైంది నాన్నా?”

“ఆగుతోంది.”

“ఎంతసేపు?”

“నేను బిగబట్టగలిగినదానికంటే ఎక్కువ.”

నేనింకా ఏదో కలుపుతానని ఎదురు చూస్తోంది, నాకు తెలుసు, ఆకాశం చీలిందనో, కిటికీ అద్దాలు పగిలాయనో. “ఇంకా?” అంది. “ఇంకేం లేదమ్మా. నీళ్ళు తాగకుండానే పక్క తడిసింది.” “డాక్టరుగారికి ఫోన్ చేస్తున్నా,” అంది.

అల్లుడు వచ్చేసరికి మిడత ఉతికిన గౌను వేసుకుని రెండో గ్లాసు మీద ఉంది. తండ్రిని చూసి గ్లాసు దించలేదు, అలాగే నోటికి పెట్టుకుని అంచు మీంచి చూస్తూ ఉండిపోయింది. “ఏంటి మామయ్యా ఇది, నీళ్ళ టైము దాటింది కదా,” అన్నాడు గ్రీజు చేతులు తుడుచుకుంటూ. “అల్లుడూ, లోపలికి లాక్కునే పైపు మూసుకుపోతే మోటారు ఏం చేస్తుంది,” అన్నాను. “గింజుకుంటుంది. వేడెక్కుతుంది. ఎందుకు?” నేను చూసింది చెప్పాను, చర్మం లోపలికి పోవడం, చప్పుడు లేకపోవడం, కేక, మరక. మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక, “మీ కథ కాదుగా?” అన్నాడు. “నా కథైతే ఇంత పొట్టిగా ఉంటుందా,” అన్నాను. అతను కూతురి వంక చూశాడు, తెరిచి ఉన్న నోటి వంక, ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నోరు మూసుకో ఈగలు దూరతాయని రోజూ అంటుంటాం. చేతిలో గుడ్డ మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

“ఒక చెయ్యి వేయి, నా మంచం హాల్లోకి లాగుదాం,” అన్నాను.

“ఇప్పుడెందుకండీ?”

“నా గురక ఈ గదిలో వద్దు. ఆపరేషన్ అయ్యేదాకానూ, అయ్యాక కూడా. దీనిది ఆగితే తెలియాలి మనకి.”

అతను తల వంచుకుని ఆ చివర పట్టుకున్నాడు. మంచం కాస్త లేచేసరికి మిడత గ్లాసు కింద పెట్టి వచ్చి, మంచం మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“దిగు,” అన్నాడు వాళ్ళ నాన్న.

“నేను తడిపాననే కదా తాత వెళ్ళిపోతున్నాడు.”

“కాదే. నా చప్పుడులో నువ్వు వినపడట్లేదు.”

“అబద్ధం.”

దీనికి ఇన్నేళ్ళూ నేను చెప్పినవన్నీ ఇంతకంటే నమ్మేలా ఉన్నాయి. అది నా ముఖంలోకి చూస్తోంది, నా కంటి కింద ఎక్కడ నవ్వు దాచానా అని.

“ఆపరేషన్ నాకేనా?”

“నీకే.”

“నొప్పి పుడుతుందా?”

అల్లుడు నా వంక చూశాడు, లేదని చెప్పమన్నట్టు.

“పుడుతుంది,” అన్నాను. “గొంతులో. కొన్నాళ్ళు.”

ఈసారి అబద్ధం అనలేదు మిడత. దిగకుండానే మంచం పట్టెలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మేం దాన్ని కూడా కలిపే ఎత్తాం.